జాంబవంతుడు పరీక్ష పెట్టలేదు



ఈ వారం వీడియోలో కిష్కింధకాండ చివరి ఘట్టం చెప్పుకున్నాం. టైం సరిపోక అందులో వదిలేసిన ఒక ప్రశ్నను ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళకి జ్ఞాపకశక్తి తగ్గుతుంటే, వాళ్ళ తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడుకి సన్నటి కరెంటు ఇప్పించడం ధర్మమేనా?

ఇదేదో సైన్స్ ఫిక్షన్ అనుకోకండి. కొండాపూర్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌లోనే ఈ మాట రెండు మూడు సార్లు వచ్చింది. మా టీంలో చాలామందివి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులు. మా తాతలు, నాన్నమ్మలు, అమ్మమ్మలు డెబ్బై ఐదు దాటారు. ఊళ్ళో ఒక్కళ్ళే ఉండలేక ఇక్కడి ఫ్లాట్లలోకి వచ్చేశారు. "ఆన్‌లైన్‌లో హెడ్‌బ్యాండ్ దొరుకుతోంది, రోజుకి ఇరవై నిమిషాలు పెడితే చాలట" అని ఒకడంటాడు. "ముసలావిడ మెదడుకి కరెంటా? పాపం కాదూ!" అని ఇంకొకడు. ఇద్దరిదీ ప్రేమే. నేను ఇంజినీర్ని, డాక్టర్ని కాదు. కాబట్టి ముందు ఈ కరెంటు సంగతేంటో చూసి, తర్వాత ధర్మం దగ్గరికి వద్దాం.

ఈ కరెంటు ఏం చేస్తుంది?

ఇందులో ఆపరేషన్ లేదు, సూది లేదు, మత్తు లేదు. సాధారణంగా ఉప్పునీళ్ళలో తడిపిన స్పాంజి ఎలక్ట్రోడ్లను తల మీద అమర్చి, ఒకటి రెండు మిల్లీ ఆంపియర్ల కరెంటును ఓ ఇరవై నిమిషాలు పంపిస్తారు. మీ ఫోన్ చార్జర్ రెండు ఆంపియర్లు ఇస్తుందనుకుంటే, ఇది అందులో వెయ్యో వంతు. పాత సినిమాల్లో చూపించే షాక్ ట్రీట్‌మెంట్ వేరు, ఇది వేరు. కరెంటు ఒకే దిశలో పోతే టీడీసీఎస్ అంటారు. అలలాగా అటూ ఇటూ మారుతుంటే టీఏసీఎస్ అంటారు. అయస్కాంతంతో చేసే టీఎంఎస్ అని ఇంకోటి ఉంది. మందులకి తగ్గని డిప్రెషన్‌కి దాన్ని వాడటానికి అమెరికాలో ఎఫ్‌డీఏ 2008లోనే ఒప్పుకుంది.

జ్ఞాపకానికీ కరెంటుకీ సంబంధం ఏంటి అంటారా? భజన గుర్తు తెచ్చుకోండి. పాతిక మంది పాడుతుంటే మెల్లగా తాళం తప్పుతుంది. ఒకరు ముందుకి, ఒకరు వెనక్కి. అప్పుడు ఓ పెద్దాయన తాళాలు గట్టిగా పట్టుకుని సరైన లయలో వాయిస్తే అందరూ మళ్ళీ దారిలోకి వస్తారు. ఆయన పాట నేర్పలేదు, లయ అందించాడంతే. మెదడులో కూడా నాడీకణాలు గుంపులుగా లయలో పనిచేస్తాయి. వయసుతో ఆ లయ సడలుతుంది. బయటి నుంచి సరైన లయ అందిస్తే కణాలు మళ్ళీ కలిసి పనిచేస్తాయేమో అన్నది ఇక్కడి ఆలోచన.

అమెరికాలో బోస్టన్ యూనివర్సిటీ వాళ్ళు దీన్ని పరీక్షించి 2022లో 'నేచర్ న్యూరోసైన్స్' పత్రికలో రాశారు. 65 నుంచి 88 ఏళ్ళ మధ్య ఉన్న 150 మందితో ప్రయోగాలు చేశారు. వరసగా నాలుగు రోజులు, రోజుకి 20 నిమిషాలు. ఆ టైంలో ఇరవై మాటల లిస్టులు వినిపించి, గుర్తున్నవి చెప్పమన్నారు. మెదడు ముందు భాగానికి సెకనుకి 60 సార్లు ఊగే లయ ఇచ్చినప్పుడు లిస్టు మొదట్లో విన్న మాటలు బాగా గుర్తున్నాయి. పక్క వెనక భాగానికి సెకనుకి 4 సార్లు ఊగే లయ ఇచ్చినప్పుడు చివర్లో విన్న మాటలు గుర్తున్నాయి. నెల తర్వాత చూసినా ఆ మెరుగు కనిపించింది. మొదట్లో జ్ఞాపకం తక్కువగా ఉన్నవాళ్ళకే ఎక్కువ లాభం కలిగింది. మన దగ్గర బెంగళూరు నిమ్హాన్స్‌లో కూడా టీడీసీఎస్ మీద ఏళ్ళ తరబడి పని జరుగుతోంది. అక్కడ ముఖ్యంగా స్కిజోఫ్రేనియాలో లేని గొంతులు వినిపించే బాధను తగ్గించడానికి వాడి చూశారు.

అంటే ఇది బూటకం కాదు. కానీ అదే పరిశోధనను ఇంకోసారి చదవండి. అందులో పాల్గొన్నది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు, డిమెన్షియా ఉన్నవాళ్ళు కాదు. కొలిచింది మాటల లిస్టు. గ్యాస్ కట్టేశానా, బీపీ మాత్ర వేసుకున్నానా, ఎదురుగా ఉన్నది ఏ మనవడు అన్నవి కాదు. ల్యాబ్‌లో నిపుణులు ఎక్కడ పెట్టాలి, ఎంత పెట్టాలి అని లెక్క చూసి చేసినదానికీ, ఆర్డర్ చేస్తే రెండు రోజుల్లో డెలివరీ అయ్యే హెడ్‌బ్యాండ్‌కీ చాలా దూరం ఉంది.

ఇంకో సంగతి. 2013లో ఇద్దరు పరిశోధకులు లెక్కలు నేర్చుకునేవాళ్ళ మీద ఇలాంటి కరెంటునే వాడి చూశారు. మెదడులో ఒక చోట ఇస్తే నేర్చుకోవడం వేగంగా జరిగింది, కానీ నేర్చుకున్నది అలవోకగా వాడే శక్తి తగ్గింది. ఇంకో చోట ఇస్తే సరిగ్గా దానికి తలకిందులైంది. 2016లో ఈ రంగంలోని శాస్త్రవేత్తలే కొందరు కలిసి, ఇంట్లో సొంతంగా ప్రయోగాలు చేసుకునేవాళ్ళకి ఒక బహిరంగ లేఖ రాశారు. ఒక సామర్థ్యం పెరిగితే ఇంకోటి తగ్గొచ్చు, మార్పులు ఎంతకాలం ఉంటాయో చెప్పలేం, ఒకే కరెంటు అందరి మెదడులోనూ ఒకేలా పనిచేయదు అని అందులో హెచ్చరించారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. టెస్టింగ్ లేకుండా నేరుగా ప్రొడక్షన్‌లో మార్పు చేస్తే ఏమవుతుందో మనకి తెలుసు. ఇక్కడ ప్రొడక్షన్ అంటే నాన్నమ్మ.

మెషీన్ వాడటమే తప్పా?

కాదు. కంటికి అద్దాలు, చెవికి మెషీన్, చేతికి కర్ర వాడుతున్నాం. వాటిల్లో లేని పాపం దీంట్లో ఎక్కడి నుంచి వస్తుంది? "జ్ఞాపకం దేవుడిచ్చినట్టు వదిలెయ్యాలి" అనే వాదన మన సంప్రదాయానికే సరిపడదు. మన తెలుగువాళ్ళు జ్ఞాపకాన్ని సాధన చేసి పెంచారు. అవధానం అంటే అదే కదా. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది రకాలుగా అడుగుతుంటారు, మధ్యలో ఒకరు అప్రస్తుత ప్రసంగంతో దారి మళ్ళిస్తుంటారు. అయినా చివర్లో పద్యాలన్నీ మళ్ళీ అప్పజెప్పాలి. దాన్ని ధారణ అంటాం. తిరుపతి వేంకట కవుల నుంచి ఈనాటి గరికిపాటి నరసింహారావు గారి దాకా ఆ ధారణ చూసే జనం చేతులెత్తి మొక్కారు.

2016లో అచ్చయిన ఒక అధ్యయనంలో హర్యానా మానేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్‌లో 21 మంది యజుర్వేద పండితుల మెదడు స్కాన్లను, వేదాధ్యయనం చేయని మరో 21 మంది స్కాన్లతో పోల్చారు. భాషకీ జ్ఞాపకానికీ సంబంధించిన భాగాల్లో పండితులకి గ్రే మ్యాటర్ ఎక్కువగా కనిపించింది. దీన్ని పట్టుకుని "అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయష" అని స్టేటస్ పెట్టకండి. ఆ తేడా వల్లెవేయడం వల్లే వచ్చిందని తేల్చడానికి ఆ ఒక్క పోలిక చాలదు. నేను చెప్పదలుచుకున్నది చిన్న విషయం. జ్ఞాపకాన్ని కాపాడుకోవడానికి, పెంచుకోవడానికి ప్రయత్నించడం మన దగ్గర ఎప్పుడూ తప్పు కాలేదు.

అందుకే అసలు చిక్కు మెషీన్ దగ్గర లేదు. దాన్ని ఎవరి కోసం, ఎందుకు పెడుతున్నాం అన్న దగ్గర ఉంది.

సంకల్పం ఎవరిది?

ఏ వ్రతం చేసినా ముందు సంకల్పం చెప్పుకుంటాం. పేరు, గోత్రం, ఎందుకోసం చేస్తున్నామో అన్నీ అందులో ఉంటాయి. ఈ కరెంటు విషయంలో ఆ సంకల్పం ఎవరి పేరు మీద ఉంటుంది? నిజాయితీగా చూసుకుంటే చాలాసార్లు మన పేరు మీదే. ఆవిడ అడిగిందే అడగకుండా ఉంటే మన మీటింగులకి అడ్డం ఉండదు. చుట్టాల ముందు ఇబ్బంది ఉండదు. అన్నిటికంటే ఎక్కువగా, ఆవిడ మనల్ని గుర్తుపట్టకపోతే మనం తట్టుకోలేం. ఇవన్నీ మనిషికి సహజమైన కోరికలే. కానీ కోరిక మనది, తల ఆవిడది.

మా నాన్నమ్మకి డెబ్బై ఎనిమిది. జనగామ వైపు పల్లెటూరు. ఒక ఆదివారం నేను ఈ కరెంటు సంగతంతా ఆవిడకి అర్థమయ్యేలా చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది. "గది పెట్టుకుంటె అన్నీ యాదికొస్తయా బిడ్డా? నాకొద్దన్నయి గూడ యాదికొస్తయా?"

నాకు వెంటనే జవాబు రాలేదు. మా నాన్న తర్వాత పుట్టిన కొడుకు రెండేళ్ళప్పుడు పోయాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ ఆ పేరు ఎత్తదు. కొంచెం ఆగి, ఇది పాత జ్ఞాపకాలు తవ్వి తీసే మెషీన్ కాదనీ, కొత్తగా విన్నవి నిలుస్తాయా అని మాత్రమే చూశారనీ చెప్పాను. "మరి నీకేం గుర్తుంటే బాగుంటుంది?" అని అడిగాను. "దేవునికాడ దీపం పెట్టిన్నో లేదో యాదుంటె సాలు" అంది.

ఇంట్లో మేమంతా కలిసి ఆవిడ కోసం రాసుకున్న లిస్టులో అది లేదు. మా లిస్టులో మా పేర్లు, ఫోన్ వాడటం, ఫ్లాట్ నంబరు ఉన్నాయి. పెద్దవాళ్ళని అడగాలి అనేది మర్యాద కోసం మాత్రమే చెప్పే మాట కాదు. వాళ్ళు చెప్తే తప్ప అసలు ఏ జ్ఞాపకం కాపాడాలో మనకి తెలియదు. అడిగేది వాళ్ళ భాషలో అడగాలి, మనసు తేటగా ఉన్న పూట అడగాలి, ఇంకోరోజు మళ్ళీ అడగాలి. ఇంగ్లీషు ఫారం మీద వేలిముద్ర వేయిస్తే అది ఒప్పుకోలు కాదు.

హైదరాబాద్‌లో తేలిన ఒక విషయం

మనదేశంలో అరవై దాటినవాళ్ళలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయ స్థాయి అంచనా. ఇది ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉండగల సమస్య. దీని మీద ప్రపంచమంతా చెప్పుకున్న ఒక పరిశోధన మన పంజాగుట్ట నిమ్స్‌లో జరిగింది. న్యూరాలజిస్టు డాక్టర్ సువర్ణ అల్లాడి గారి బృందం అక్కడికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, 2013లో 'న్యూరాలజీ' పత్రికలో రాశారు. వాళ్ళలో 391 మందికి రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు వచ్చు. ఒకే భాష తెలిసినవాళ్ళకంటే వీళ్ళలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. బడి ముఖం చూడనివాళ్ళలో కూడా ఈ తేడా కనిపించింది. మూడో భాష వస్తే అదనపు లాభమేమీ కనపడలేదు.

భాషలే కారణం అని దీన్నిబట్టి పూర్తిగా తేల్చలేం. కానీ ఆలోచించండి. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిపి కూరగాయలు బేరమాడే ఊరు మనది. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి దూకుతూ ఉండటం మెదడుకి రోజువారీ వ్యాయామం కావచ్చు. దానికి కరెంటు అక్కర్లేదు, మాట్లాడే మనిషి కావాలి.

ఇప్పుడు కొండాపూర్‌లో ఒక ఫ్లాటు ఊహించుకోండి. పద్నాలుగో అంతస్తు. కారిడార్‌లో తలుపులన్నీ ఒక్కలాగే ఉంటాయి. కొడుకూ కోడలూ లాప్‌టాప్‌లో. మనవరాలు ఇంగ్లీషులో. వంటమనిషి హిందీలో రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోతుంది. ఆవిడ పొద్దంతా టీవీ ముందు. ఊళ్ళో ఉన్నప్పుడు వేపచెట్టు చూస్తే మలుపు తెలిసేది. గుడి గంట వింటే టైం తెలిసేది. దారిలో నలుగురు పేరు పెట్టి పిలిస్తే, తిరిగి నలుగురి పేర్లు చెప్పాల్సి వచ్చేది. ఆవిడ జ్ఞాపకంలో సగం ఊరు మోసేది. ఆ సగం తీసేసి, మిగిలిన సగాన్ని కొలిచి, "మతిమరుపు ఎక్కువైంది" అంటున్నాం.

డాక్టర్లు చెప్పేది కూడా ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. 2024 లాన్సెట్ కమిషన్ పద్నాలుగు కారణాలను గుర్తించింది. వాటిని సరిచేయగలిగితే డిమెన్షియా కేసుల్లో సుమారు 45 శాతం ఆపడమో వాయిదా వేయడమో సాధ్యం కావచ్చని లెక్కకట్టింది. వినికిడి లోపం, చూపు లోపం, షుగరు, బీపీ, డిప్రెషన్, ఒంటరితనం అన్నీ ఆ లిస్టులో ఉన్నాయి. బీ12 తక్కువైనా, థైరాయిడ్ తేడా వచ్చినా మతిమరుపు కనిపించవచ్చు. హెడ్‌బ్యాండ్ గురించి గూగుల్ చేసే ముందు చెవి పరీక్ష, రక్త పరీక్ష, న్యూరాలజిస్టు. ఈ వరస మార్చకండి.

జ్ఞాపకం పోతే మనిషి పోయినట్టేనా?

మన భయమంతా ఇక్కడే ఉంది. "ఇంక ఆవిడ ఆవిడ కాదు" అనే మాట ఎంతోమంది నోట విన్నాను. దీనికి మన శాస్త్రాల్లో ఆసరా దొరుకుతుంది. పతంజలి యోగసూత్రాల్లో చిత్తవృత్తులు ఐదింటిని చెప్తూ, నిద్రతో పాటు స్మృతిని కూడా ఆ లెక్కలో వేశాడు. అంటే జ్ఞాపకం మనసులో లేచి పడే ఒక అల, మనిషి అసలు స్వరూపం కాదు. గాఢనిద్రలో మన పేరు కూడా మనకి గుర్తుండదు. అయినా పొద్దున లేచి "హాయిగా పడుకున్నాను" అంటాం. ఆ "నేను" ఎక్కడికీ పోలేదు. గీత పదిహేనో అధ్యాయంలో కృష్ణుడు జ్ఞాపకమూ జ్ఞానమూ తన నుంచే అంటూ, అవి తొలగడం కూడా తన నుంచే అంటాడు. మరుపు వచ్చిన మనిషి ఆయన లెక్కలోంచి బయటికి పోలేదన్నమాట.

అయితే ఈ మాటను సోమరితనానికి వాడుకోకూడదు. "ఆత్మకి మతిమరుపు లేదులే" అని చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళకపోవడం వేదాంతం కాదు, బాధ్యత ఎగ్గొట్టడం. జ్ఞాపకం ఉన్నా లేకున్నా ఆవిడ విలువ తగ్గదు కాబట్టి, భయపడి కాకుండా నిదానంగా వైద్యం చేయించగలం. నాకు అర్థమైనంతవరకు ఆ తత్త్వం వల్ల మనకి ఒరిగే మేలు అదే.

జాంబవంతుడు ఏం చేశాడు?

ఇప్పుడు వీడియోలోని ఘట్టానికి వద్దాం. ఎదురుగా నూరు యోజనాల సముద్రం. ఒక్కో వానరుడు తను ఎంత దూకగలడో చెప్తున్నాడు. జాంబవంతుడు తన వయసు సంగతి దాచలేదు. ఒకప్పుడు త్రివిక్రముడి చుట్టూ ప్రదక్షిణ చేసినవాణ్ణి, ఇప్పుడు ముసలివాణ్ణయ్యాను, తొంభై యోజనాల దాకా పోగలనేమో అన్నాడు. హనుమంతుడు మాత్రం ఒక పక్కన మాట్లాడకుండా కూర్చున్నాడు. మునుల శాపం వల్ల తన బలం తనకే గుర్తులేదని ఉత్తరకాండలో కథ వస్తుంది.

జాంబవంతుడు ఆయన దగ్గరికి వెళ్ళి ఏం చేశాడు? "నువ్వెవరో చెప్పు చూద్దాం" అనలేదు. "చిన్నప్పుడు ఏం చేశావో గుర్తుందా?" అని అడిగి, గుర్తులేదంటే నొచ్చుకోలేదు. తనే చెప్పాడు. నీ తల్లి అంజన, నీ తండ్రి వాయువు, పసివాడిగా ఉన్నప్పుడు సూర్యుణ్ణి చూసి పండనుకుని ఎగిరావు అని ఆయన కథను ఆయనకే అందించాడు. ఒకరి జ్ఞాపకాన్ని ఇంకొకరు దాచిపెట్టి, అవసరమైనప్పుడు ప్రేమతో తిరిగి ఇచ్చారు. సముద్రం దాటింది ఆ తర్వాతే.

మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో చూడండి. పండక్కి వచ్చిన ప్రతి చుట్టమూ పెద్దావిడ ముందు నిలబడి "నేనెవరో చెప్పుకో" అంటారు. ఆవిడ తడబడుతుంది. చుట్టూ నవ్వులు. "చూశావా, నన్ను మర్చిపోయింది" అని ఫిర్యాదు. అందరూ సరదాకే అంటారు, కానీ ఆవిడకి అది రోజుకి పదిసార్లు ఫెయిలయ్యే పరీక్ష. కొన్నాళ్ళకి ఆవిడ హాల్లోకి రావడం మానేస్తుంది.

మనం చిన్నప్పుడు ఎవరి కొడుకులమో, ఏ ఊరివాళ్ళమో మనకి చెప్పింది వాళ్ళే. అప్పుడు జాంబవంతుడి పని వాళ్ళు చేశారు, ఇప్పుడు మన వంతు వచ్చింది. మంచి ఆసుపత్రిలో, నైతిక కమిటీ అనుమతితో, నిపుణుల చేతుల మీదుగా ఇలాంటి అధ్యయనం జరిగి, మా నాన్నమ్మ తన నోటితో సరేనంటే, నేనే పక్కన కూర్చుని చేయిస్తాను. ఆన్‌లైన్ హెడ్‌బ్యాండ్ మాత్రం మా ఇంటికి రాదు. కరెంటు ఇచ్చినా ఇవ్వకపోయినా, ఆ ఇరవై నిమిషాల తర్వాత మిగిలిన రోజంతా ఆవిడతో మాట్లాడే మనిషి కావాలి. నిలబడిన జ్ఞాపకాలను పంచుకోవడానికి ఎవరూ లేని ఇంట్లో జ్ఞాపకశక్తి పెంచి ఏం లాభం?

కాబట్టి ఈ వారం ఒక చిన్న పని పెట్టుకుందాం. మీ తాతగారికో అమ్మమ్మకో ఫోన్ చేసినప్పుడు, ఇంటికి వెళ్ళినప్పుడు, "గుర్తుపట్టారా?" అని అడగకండి. మీ పేరు, మీరు ఎవరి బిడ్డో ముందు మీరే చెప్పండి. తర్వాత వాళ్ళ ఊరి కబురు ఒకటి ఎత్తుకోండి. వాళ్ళు చెప్పిన కథే మళ్ళీ చెప్తే, రెండోసారి కూడా ఊఁ కొట్టండి.

జై హనుమాన్.